అరుపుల్లేని గ్యాంగు

సింగపూరులో తువాస్ వైపు ఓడలు బాగుచేసే ఆ యార్డులో ఎవరినైనా ఆపి, "సాంబమూర్తి గ్యాంగు ఎక్కడ?" అని అడిగితే, "చప్పుడు లేనిచోట వెతుక్కో" అనేవాళ్ళు. ఓడల యార్డులో చప్పుడు లేనిచోటు ఎక్కడుంటుంది? సుత్తులు, గ్రైండర్లు, క్రేన్ల గంటలు పొద్దస్తమానం మోగుతూనే ఉంటాయి. వాళ్ళన్నది మనుషుల అరుపుల గురించి. ఆ గ్యాంగులో ఎవడూ ఎవడి మీదా నోరెత్తడు. అది సాంబమూర్తి పెట్టిన కట్టుబాటు.

అతనిది పలాస దగ్గర పల్లె. మీసం సరిగా మొలవని వయసులో సింగపూరు వచ్చి బరువులెత్తే పనిలో చేరాడు. ఇనుప దిమ్మలకు, గొట్టాలకు తాళ్ళు కట్టి, క్రేను కొక్కేనికి తగిలించి, ఓడ మీద దించాల్సినచోట దింపించడం ఆ పని. అప్పటి సూపర్‌వైజర్ నోరు మంచిది కాదు. కోపమొస్తే హెల్మెట్ తీసి విసిరేవాడు. ఒకనాడు అది సాంబమూర్తి భుజానికి తగిలింది. దెబ్బ మానిపోయింది గాని, పదిమంది ముందు తిన్న తిట్టు మానలేదు. "నేనే గనక ఎప్పటికైనా పెద్దవాణ్ణయితే నా కిందివాడి మీద నోరెత్తను, ఎవణ్ణీ ఎత్తనివ్వను" అని ఆ రోజు అనుకున్నాడు. ఇలా అనుకునేవాళ్ళకు కొదవ లేదు. పెత్తనం చేతికొచ్చాక ఎంతమందికి గుర్తుంటుంది? సాంబమూర్తికి గుర్తుంది. అదే అతని గొప్పతనం, తరవాత అదే ప్రాణం మీదికి తెచ్చింది.

పెద్దవాడయ్యాడు. ఎర్ర జాకెట్టు తొడుక్కుని క్రేనుకు సైగలిచ్చే సూపర్‌వైజరయ్యాడు. కొత్తగా వచ్చిన కుర్రాడి చేత మొదటిరోజే వాళ్ళమ్మకు ఫోను చేయించి, "మీవోడికి ఇక్కడ నేనున్నానమ్మా" అని తానే మాట్లాడేవాడు. జ్వరమొస్తే గంజి కాచి పోసేవాడు. ఆదివారం వస్తే బూన్ లే దగ్గర వాళ్ళుండే డార్మిటరీ వంటగదిలో చేపల పులుసు తనే వండేవాడు. అందరూ అతన్ని మావ అనేవాళ్ళు. వండింది మావే అయినా మొదటి పళ్ళెం మావకే పెట్టేవాళ్ళు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని తలాడించాకే మిగతావాళ్ళు గరిటె ముట్టేవాళ్ళు. పక్క గ్యాంగులవాళ్ళు చూసి కుళ్ళుకునేవాళ్ళు. పైవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆ గ్యాంగు నుంచి గొడవ లేదు, ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేకపోవడం చూసి మురిసిపోవడం పైవాళ్ళకు అలవాటే కదా.

కొన్నాళ్ళుగా సాంబమూర్తికి ఎడమపక్క ఏదో తేడా చేస్తోంది. సాయంత్రం ఫ్లడ్‌లైట్లు వేస్తే దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి. డెక్కు మీద నడుస్తుంటే ఎడమ భుజం దేనికో ఒకదానికి తగిలేది. కళ్ళద్దాలకు గ్రీజు పట్టిందనుకుని తుడుచుకునేవాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది, మెడికల్ పరీక్షలో గోడ మీది అక్షరాలు గడగడా చదివేసేవాడు. ఇంక అనుమానం దేనికి? అయినా లోపల ఎక్కడో ఒక భయం ఉండేది. కళ్ళద్దాలు తుడుచుకున్నంత సులువుగా దాన్నీ తుడిచేసుకునేవాడు.

గ్యాంగులోవాళ్ళకు మాత్రం తెలుసు. మావకు ఎడమపక్క కనపడటం లేదని అందరికన్నా ముందు కనిపెట్టినవాడు సాయిబాబు, సాంబమూర్తి అక్క కొడుకు. ఎవరితోనూ ఏమీ అనకుండా రోజూ మావకు ఎడమపక్కన నిలబడటం మొదలుపెట్టాడు. ఎవడైనా అటువైపు నుంచి బరువు కిందికి వస్తే చెయ్యూపి వెనక్కి పంపేసేవాడు. మిగతావాళ్ళూ అర్థం చేసుకున్నారు. దారిలో ఎడమపక్కనున్న తాళ్ళు తీసి పక్కన పడేసేవాళ్ళు. పెద్దాయనను నొప్పించకుండా చూసుకుంటున్నామని లోలోపల మురిసిపోయేవాళ్ళు. అంత ప్రేమ ఉంది ఆ గ్యాంగులో. అంత ప్రేమ ఉండీ, "మావా, నీకు కళ్ళు బాగోలేదు, డాక్టరుకు చూపించుకో" అనే ఒక్క నాలుక లేదు.

కిందటేడు ఏసుబాబు అనేవాడు కొత్తగా వచ్చాడు. కోనసీమవాడు. మిగతావాళ్ళంతా శ్రీకాకుళం మనుషులు కావడంతో వాడి మాట వాళ్ళకు నవ్వులాట. పిలిస్తే "ఆయ్" అని పలికేవాడు, దాంతో వాడి పేరే ఆయ్‌గాడైపోయింది. మావ అని పిలవమంటే, "అలవాటు లేదండి, సార్ అంటానండి" అన్నాడు. సాంబమూర్తి నవ్వి ఊరుకున్నాడు. మిగతావాళ్ళకు అది కొంచెం గుచ్చుకుంది.

ఆ రోజు సాయిబాబుకు జ్వరం. వాడి బదులు ఏసుబాబును మావ దగ్గర నిలబెట్టారు. కుడిపక్క నిలబడ్డాడు, ఎడమపక్క నిలబడాలని వాడికెవరూ చెప్పలేదు. చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి మరి. మధ్యాహ్నం వాన వెలిశాక లావుపాటి గొట్టం ఒకదాన్ని ఓడ మీదికి దింపుతున్నారు. క్రేను నడిపేది ఇబ్రాహీం, మలేసియాలోని జొహోర్ నుంచి రోజూ వుడ్‌ల్యాండ్స్ వంతెన మీదుగా పనికొచ్చే మలయ్ మనిషి. అంత ఎత్తునుంచి అతనికి డెక్కు మీది మూలలు కనపడవు, సాంబమూర్తి చేతి సైగే అతనికి కళ్ళు. సాంబమూర్తి చెయ్యి కిందికి తిప్పుతున్నాడు. గొట్టం దిగుతోంది. ఎడమపక్క నుంచి గ్యాంగులో కుర్రాడు బాలు వచ్చి, జారిపోయిన తాడు అందుకోవడానికి సరిగ్గా దాని కిందే వంగాడు. సాంబమూర్తి చెయ్యి ఆగలేదు.

"ఆపండి! ఆపండి! కింద మనిషున్నాడండీ!"

ఏసుబాబు గొంతు చించుకుని అరుస్తూ, రెండు చేతులూ ఊపుకుంటూ ముందుకు పరిగెత్తాడు. ఊగే ఆ చేతులు కంటబడి ఇబ్రాహీం క్రేను ఆపేశాడు. గొట్టం బాలు నెత్తికి జానెడు పైన నిలిచి, ఊగుతూ ఉండిపోయింది. బాలు చేతుల మీద పాక్కుంటూ బయటికొచ్చాడు.

అందరూ సాంబమూర్తి వైపే చూశారు. అలాంటప్పుడు పెద్దవాడి నోటినుంచి వచ్చే మొదటి మాట కోసమే కదా ఎవరైనా చూసేది. సాంబమూర్తికి బాలు అక్కడికెలా వచ్చాడో అర్థం కాలేదు. సిగ్గు, భయం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇన్నేళ్ళలో తన ముందు గ్యాంగులో ఎవడూ అరవలేదు.

"ఎవడ్రా అరిసింది?" అన్నాడు.

అంతే. అంతకుమించి ఏమీ అనలేదు. అనక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం డార్మిటరీలో ఏసుబాబుకు పళ్ళెం పెట్టలేదు. వాడు వంటగదిలోకి వస్తే మాటలు ఆగిపోయాయి. వాడి మంచం పక్కవాడు మంచం మార్చుకున్నాడు. ప్రాణం దక్కిన బాలు కూడా వాడి మొహం చూడలేదు. చూడాలని లేక కాదు, చూస్తే మావకు వ్యతిరేకం అవుతుందని. ఏసుబాబు బ్రెడ్డు కొనుక్కుని మెట్ల మీద కూర్చుని తిన్నాడు. వాడి పని పర్మిట్ వచ్చే నెలలో తిరగరాయాలి. సూపర్‌వైజర్ ఉంచమంటే ఉంచుతారు, వద్దంటే ఇంటికి పంపుతారు. ఆ సంగతి వాడికీ తెలుసు, అందరికీ తెలుసు.

మర్నాడు జ్వరం దిగిన సాయిబాబు మావ దగ్గరికొచ్చాడు. "మావా, అందరం అనుకున్నాం. ఆడు మనకి కుదరడు. పదిమందిలో నీ మీద అరిసినోడు రేపేటైనా సేస్తాడు. పర్మిట్ కాడ ఒగ్గీమని సెప్పీ" అన్నాడు. సాంబమూర్తి తలెత్తలేదు. వద్దనలేదు, సరేననలేదు.

ఆ మధ్యాహ్నమే నిగార్ వచ్చింది. యార్డు సేఫ్టీ మేనేజరు ఆమె. హైదరాబాదు మనిషి, బెడోక్‌లో కాపురం. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది, యార్డులో మనవాళ్ళతో మాత్రం తెలుగే. అప్పటికి గ్యాంగంతటినీ విడివిడిగా అడిగి వచ్చింది. అందరూ ఒకే మాట చెప్పారు: ఏమీ జరగలేదు మేడమ్. బాలు కూడా అదే చెప్పాడు. ఏసుబాబు మాత్రం తలొంచుకుని, "సార్‌నే అడగండి మేడమ్" అన్నాడు.

సాంబమూర్తి లేచి నిలబడబోతే వద్దని, తనూ అదే ఇనుప పెట్టె మీద కూర్చుంది.

"అన్నా, తప్పెవరిదని అడగనీకి రాలే నేను. ఇబ్రాహీం క్రేను ఎందుకాపిండో చెప్పిండు, నాకు తెల్సు. ఒక్కటే అడుగుత. రేపు మల్ల ఎవని నెత్తి మీదికన్న బరువు దిగుతుంటే, మీ పోరగాళ్ళల్ల ఒక్కడన్న నోరు తెరుస్తడా?"

సాంబమూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగాడు.

"మీ గ్యాంగుల కెళ్ళి ఒక్క కంప్లయింట్ రాకపోతే మంచిగుందనుకున్న. ఎందుకొస్తలేదని నేను గూడ అడగలే. నా తప్పు నాకున్నది. గని, అరిచినోనికి ఏమైతదో ఇప్పుడందరు చూస్తున్రు అన్నా. మీరు వానితోని ఎట్లుంటరో, రేపటి సంది వీళ్ళు గట్లనే ఉంటరు. పొద్దున మీటింగ్ దాక ఆగుత. ఆ తర్వాత నా పని నేను చెయ్యాలె."

ఆమె వెళ్ళిపోయింది. నిజం చెబితే ఎర్ర జాకెట్టు పోతుంది. ఇన్నేళ్ళ కష్టం, ఇన్నేళ్ళ పేరు పోతాయి. చెప్పకపోతే ఏసుబాబు పోతాడు. ఏసుబాబు పోతే పోనీ అనుకోవడానికి ప్రయత్నించాడు. బాలు వంగిన చోటు కళ్ళముందుకొచ్చి ఆ మాట పూర్తిగా అనుకోలేకపోయాడు.

సాయంత్రం ఇంటికి ఫోను చేశాడు. భార్య నూకాలమ్మ గొంతు వినగానే, అడుగుదామని అనుకోనిది అడిగేశాడు.

"నూకాలూ, నాను పోయినసారి వొచ్చినప్పుడు నా కళ్ళు ఎలగున్నాయే?"

నూకాలమ్మ అవతల టీవీ గొంతు తగ్గించింది.

"ఇప్పుడెందుకూ అది?" అంది.

"సెప్పు."

"ఎడంపక్కెట్టిన మంచినీళ్ళ సెంబు తన్నీసినావు. ఒకపాలి కాదు. మనవడు నీ ఎడంపక్కే కూకుంటే ఇల్లంతా ఎతికినావు ఆడి కోసం. ఆ తరవాత నీకేటిచ్చినా కుడిపక్కే ఎట్టీవోళ్ళం."

"మరి నాతో అనలేదేటే?"

"అంటే సిన్నబుచ్చుకుంతావని. ఇంటిల్లిపాదీ అనుకున్నాం, ఆయనకి తెలీనివ్వకూడదని."

సాంబమూర్తి ఫోను పెట్టేశాడు. సాయిబాబు రోజూ తన ఎడమపక్కనే ఎందుకు నిలబడతాడో అప్పుడర్థమైంది. అక్కడ ఇల్లంతా, ఇక్కడ గ్యాంగంతా, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నట్టు తన చుట్టూ ఒకే గోడ కట్టారు. కోప్పడదామంటే ఎవరి మీద కోప్పడాలి? తనెప్పుడూ ఎవరినీ కసురుకోలేదు. కసురుకోనివాడికి కూడా నిజం చెప్పడానికి జనం భయపడతారని ఆ పూట తెలిసింది. తిట్లకు భయపడేవాడు ఏదో ఒకనాటికి ఎదురు తిరుగుతాడు. ప్రేమకు భయపడేవాడు ఎన్నటికీ తిరగడు. ఏడుపొచ్చింది. ఏడిచాడు.

పొద్దున పని మొదలయ్యే ముందు రోజూ మీటింగ్ ఉంటుంది. గ్యాంగంతా హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడితే, ఆ రోజు పనేంటో, జాగ్రత్తలేంటో సూపర్‌వైజర్ చెబుతాడు. ఏసుబాబు వరస చివర, మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడ్డాడు. నిగార్ కాస్త దూరంగా ఉంది. సాంబమూర్తి ముందుకొచ్చాడు. ఏ జాగ్రత్తా చెప్పలేదు. ఎర్ర జాకెట్టు జిప్పు లాగి, విప్పి, మడిచి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు ఎడంపక్క కనపడదు" అన్నాడు. "మీకందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఎవులమూ పైకి అననేదు. ఆరోజు బాలుగాణ్ణి నాను సూడనేదు. ఈ ఆయ్‌గాడు అరవకపోతే ఈపాటికి బాలు వాళ్ళమ్మకి నాను ఫోను సెయ్యాలి. ఆడి మొదటిరోజు సేసినట్టే."

బాలు మొహం చేతులతో కప్పుకున్నాడు.

"ఆడరిస్తే నానేటన్నాను? ఎవడ్రా అరిసింది అన్నాను. బాలు ఎలగున్నాడని అడగాల. అది అడగనేదు. నా పరువు గురించి అడిగినాను. మీరందరూ ఆ ఒక్క మాట పట్టుకుని ఆడికి కూడు ఎట్టడం మానీసినారు. మిమ్మల్ని అనను. నాను నేర్పిందే మీరు సేసినారు. అరుపులొద్దన్నాను. తిట్టొద్దని సెప్పాల్సింది, అరవొద్దని సెప్పీసినాను."

తరవాత చివరిదాకా నడిచి వెళ్ళి ఏసుబాబు ముందు నిలబడ్డాడు. "నాయనా, నీ పర్మిట్‌కి నాను సంతకం ఎట్టీసి మరీ దిగిపోతాను. ఆరోజు నువ్వు సేసింది మళ్ళా సెయ్యాలొస్తే, ఎదర ఎవుడున్నా సెయ్యి."

"ఆయ్" అన్నాడు ఏసుబాబు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బాలు వరస దాటి వచ్చి వాడి పక్కన ఖాళీగా ఉన్న చోట నిలబడ్డాడు.

నిగార్ ఆ జాకెట్టు అందుకుని, ఆ వారమే అతన్ని కళ్ళాసుపత్రికి పంపించింది. ఇంగ్లీషు కోసం సాయిబాబు వెంట వెళ్ళాడు. డాక్టరమ్మ చాలాసేపు చూసి, నెమ్మదిగా చాలాసేపు చెప్పింది. సాయిబాబు విని, "పర్లేదట మావా, సుక్కలు ఏసుకుంటే సరిపోద్దట" అన్నాడు.

సాంబమూర్తి మేనల్లుడి మొహం వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు. "ఆవిడ అంతసేపు సెప్పింది ఇంతేనేటిరా? ఉన్నదున్నట్టు సెప్పు."

సాయిబాబు డాక్టరమ్మ వైపు ఒకసారి చూశాడు. "నీటికాసులంట మావా. ఎడంకన్ను పోయినట్టేనంట, తిరిగి రాదంట. కుడికన్నుకి సుక్కలేసుకుంటే ఉన్నది నిలబడుద్దంట." ఆగి, నేల చూస్తూ మిగతాది చెప్పాడు. "ముందే వొస్తే ఎడంది కూడా నిలబడేదంట. ఎందుకు రానేదని అడుగుతంది మావా."

తిరుగు ట్రైన్‌లో సాయిబాబు చుట్టూ జనముండగానే వెక్కివెక్కి ఏడిచాడు. "నాకు తెలుసు మావా. అందరికన్నా ముందు నాకే తెలుసు. నీ పక్కన నిలబడితే సాలనుకున్నాను." సాంబమూర్తి వాడి తల మీద చెయ్యి వేసి బూన్ లే వచ్చేదాకా తీయలేదు. తప్పు వాడిదైతే తిట్టి ఊరుకునేవాడు. అందులో తన వాటా ఎంతో తెలిశాక తిట్టడానికి నోరు రాలేదు.

కంపెనీ అతన్ని పంపించేయలేదు. తాళ్ళు, గొలుసులు, కొక్కేలు పరీక్ష చేసి బయటికిచ్చే షెడ్డులో వేసింది. జీతం తగ్గింది. ఎర్ర జాకెట్టు ఇప్పుడు ఇంకొకరు తొడుక్కుంటున్నారు. పొద్దున మీటింగ్‌కు మాత్రం వెళ్తాడు, కట్టుకోబోయే తాళ్ళ సంగతి చెబుతాడు. గ్యాంగు ఒక్కరోజులో మారిపోయిందని చెబితే అది కట్టుకథ. చాలా వారాలు ఏసుబాబు ఒక్కడే అరిచేవాడు. తర్వాత బాలు మొదలెట్టాడు. సాయిబాబు మాత్రం నోరు విప్పలేదు. మావ షెడ్డు నుంచి బయటికొస్తే చాలు, అప్పటికీ పరిగెత్తుకొచ్చి ఎడమపక్కన నిలబడేవాడు.

ఒక ఉదయం మీటింగ్ అయ్యాక సాంబమూర్తి షెడ్డు వైపు బయల్దేరాడు. గ్యాంగంతా ఇంకా అక్కడే ఉంది. ఎడమపక్క నుంచి బరువులు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఒకటి పలకల దొంతర వెనకనుంచి వెనక్కి వెనక్కి వస్తోంది. సాయిబాబు దూరంగా ఉన్నాడు, పరిగెత్తినా అందడు.

"మావా! ఆగు! ఎడంపక్క బండి! ఆగు మావా!"

యార్డు ఆ చివరిదాకా వినపడింది. సాంబమూర్తి ఉన్నచోటే ఆగిపోయాడు. ఫోర్క్‌లిఫ్ట్ అతని ముందునుంచి వెళ్ళిపోయింది. అందరూ నిలబడి చూస్తున్నారు. అతను మెల్లగా తల మొత్తం వెనక్కి తిప్పాడు.

"ఎవడ్రా అరిసింది?" అన్నాడు.

సాయిబాబు ఒక్క అడుగు ముందుకేశాడు. "నానే మావా. సాయిబాబుని."

"మళ్ళీ సెప్పు. ఇనబడనేదు."

"నానే మావా!"

సాంబమూర్తి తలాడించాడు, పులుసు ముద్ద నోట్లో పెట్టుకుని తలాడించినట్టే. ఆ ఆదివారం బూన్ లే వంటగదిలో అతను వండిన చేపల పులుసు మొదటి పళ్ళెం సాయిబాబు ముందు పెట్టాడు. వాడు ముట్టనంటే, తినేదాకా ఎవరినీ గరిటె తాకనివ్వలేదు. సాయిబాబు ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, కాసేపాగి, "ఉప్పు తక్కువైంది మావా" అన్నాడు.